మా వదిన పిలాటిస్, మాకెంత సుఖమో!

ఆడవాళ్ళ వ్యాయామాల్లో మ్యాట్ పరుచుకుని చేసే పిలాటిస్‌ని మించింది లేదని బల్లగుద్ది చెబుతాను! చేసేవాళ్ళ సంగతి నాకు తెలియదు. ఇంట్లో మిగతావాళ్ళకి మాత్రం వరం!

మా వదిన కాస్త భారీ మనిషి. ఆమధ్య డాక్టరమ్మ పరీక్షలు చేసి, "రక్తనాళాలు బిరుసెక్కుతున్నాయమ్మా, గుండెకి మంచిది కాదు. రోజూ పిలాటిస్ చెయ్యండి, మెత్తబడొచ్చు. బరువు తగ్గకపోయినా మానొద్దు" అంది. నా చదువు అంతంతమాత్రమే కానీ, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు ఎండకి గట్టిపడితే ఏమవుతుందో నాకు తెలుసు. పగులుతుంది! అందుకే మేమంతా వదినని తెగ ప్రోత్సహించాం. అన్నయ్య మ్యాట్ కొన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఇంతకన్నా ఏం చెయ్యగలం చెప్పండి?

ఇక లాభాలు వినండి! ఇదివరకు వదిన వంటింట్లో ఉందో, మేడ మీద బట్టలు ఆరేస్తోందో తెలిసేది కాదు. ఇప్పుడా బాధ లేదు. హాలు మధ్యలో, మ్యాట్ మీద, వెల్లకిలా దొరుకుతుంది!

"ఏమోయ్, పడుకునేగా ఉన్నావు, నా సాక్సులెక్కడ?" అంటాడు అన్నయ్య.

"అమ్మా, ఖాళీయేగా, నా చార్జరేదీ?" అంటుంది కూతురు.

"వదినా, ఆ కాలు ఇంకొంచెం పైకెత్తు, ఫ్యాను దుమ్ము కూడా దులిపేద్దువుగాని!" అంటాను నేను.

"మీ నోరు కూడా దులుపుతానుండండి మరిదిగారూ!" అంటుంది వదిన, పొట్ట బిగించి, కాళ్ళు గాల్లో ఉంచి. అంటూనే లేస్తుంది. సాక్సులు, చార్జరు వెతికిపెట్టి మళ్ళీ పడుకుంటుంది. ఈలోపు అన్నయ్యకి గొడుగు గుర్తొస్తుంది.

అన్నీ కూర్చున్నచోటికే వస్తుంటే మా ముగ్గురి రక్తనాళాలూ ఎంత మెత్తబడ్డాయో! మొన్న మళ్ళీ పరీక్ష చేస్తే వదినవి మాత్రం ఇంకా బిరుసెక్కాయట. "ఇలాగైతే మాత్రలు తప్పవు" అందట డాక్టరమ్మ. చూశారా? మనిషికి శ్రద్ధ ఉండాలండీ!

నిన్న మాత్రం ఘోరం జరిగిపోయింది. వదిన మ్యాట్ చుట్టి చంకలో పెట్టుకుని, పడగ్గదిలోకి పోయి గడియ వేసేసుకుంది! పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. పొయ్యి కట్టెయ్యాలని తోచినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. అన్నయ్య వెళ్ళి తలుపు బాదాడు.

"ఏమోయ్, లోపల బతికే ఉన్నావా?"

"ఉందామనే గడియ వేసుకున్నాను!"

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో ఎవరి నాళాలైనా బిరుసెక్కితే నిక్షేపంగా మ్యాట్ కొనివ్వండి. తలుపుకి గడియ మాత్రం పొరపాటున కూడా ఉంచకండి. ఆవిడ బాగుపడిపోగలదు!