ధ్రువం మీద ఒక్క రోజు పదవి

ఒక పెద్ద అడవిలో, అంటే చెట్లుండే అడవి కాదు, భూగోళం నెత్తిన సముద్రమంతా గడ్డకట్టిన మంచడవిలో, హిమాచలం అనే తెల్ల ఎలుగుబంటి ఉండేవాడు. అధ్యక్షుడు కావాలని అతని కోరిక. అధ్యక్షుడికి ప్రతి వేటలో తొలి చేప దక్కుతుంది మరి. గెలుపు మీద మాత్రం నమ్మకం లేదు. ఓటేయాల్సిన సీల్ జంతువుల బంధువుల్లో సగం మందిని తనే తినేశాడు.

సలహాదారు సుధాకరం అనే తెల్ల నక్క చెవిలో ఊదాడు. "ఒక్క రోజు పదవి చాలనండి. ఎన్నిక మాత్రం ఉత్తర ధ్రువం మీద పెట్టించండి. అక్కడ వసంతంలో పొడిచిన పొద్దు ఆరు నెలలదాకా కుంకదు. ఓటేసే తీరంవాళ్లకి, అదే సీళ్లకీ వాల్రస్‌లకీ, ఆ సంగతి తెలీదు."

హిమాచలానికి నవ్వు ఆగలేదు.

ధ్రువం మీద పెట్టిన ఎన్నికల సభలో వాల్రస్ ముసలమ్మ దంతమ్మ కోరలు పైకెత్తి అడిగింది. "ఒక్క రోజే కదా నాయనా? ఆ రోజంతా మా గోడు వింటావా?"

"వినకపోవడమేంటి పిన్నీ! పొద్దు కుంకేదాకా రెప్ప వాల్చను. వాలిస్తే పదవి పోయినట్టే!" అనేశాడు ఊపులో. నక్క వెనకనించి అతని తోక పట్టి లాగేలోపే చప్పట్లు మోగిపోయాయి, గెలుపు ఖాయమైంది.

మొదట్లో భోగమే. మేల్రకం చేపలు, దండాలు. తర్వాత అర్జీల వరస మొదలైంది. ఊపిరి తీసుకునే కన్నం పక్కింటివాడు ఆక్రమించాడని ఒక సీల్, గుడ్ల మీద మంచు పడిందని ఒక పక్షి. సూర్యుడు గానుగెద్దులా తల చుట్టూ తిరుగుతున్నాడే గానీ దిగడు. హిమాచలం కళ్లు ఎర్రబడ్డాయి.

"సుధాకరం, సాయంత్రం ఎక్కడ దొరుకుతుందిరా?"

"దక్షిణానికి వెళ్లాలండి."

"దక్షిణం ఎటు?"

"ఇక్కణ్ణించి ఎటెళ్లినా దక్షిణమేనండి."

తోచిన వైపు బయల్దేరాడు. వెనకే అర్జీలవాళ్లూ బయల్దేరారు. కాళ్లు పీక్కుపోయేలా నడిచినా పొద్దు అంగుళం వాలలేదు. పక్కనున్న పగుల్లోంచి దంతమ్మ తల పైకెత్తింది.

"ఎక్కడికి నాయనా? నీ కింద ఉన్నది నేల కాదు, నీళ్ల మీద తేలే మంచు. నువ్వు దక్షిణానికి నడుస్తుంటే అది నిన్ను ఉత్తరానికి మోసుకుపోతోంది. ఉన్నచోటే ఉన్నావు."

హిమాచలం కూలబడ్డాడు. "పిన్నీ, పదవి నువ్వే తీసుకో..." మాట పూర్తికాలేదు, గురక మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు.

రెప్ప వాలింది కాబట్టి పదవి ఖాళీ అయింది. సుధాకరం వినయంగా ముందుకొచ్చాడు.

"నాకు పగలంతా పెత్తనం వద్దు తల్లీ. ఇక్కడే, ధ్రువం మీదే, చలికాలంలో ఒక్క రాత్రి ఇవ్వండి, చాలు. అందరూ నిద్రపోయే వేళ కాపలా కాస్తాను."

"పాపం, ఎంత నిరాడంబరుడో!" అని సీళ్లు కన్నీళ్లు పెట్టుకుని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాయి.

నీతి: నాయకుడి గుణగణాలు తీరిగ్గా చూసుకోవచ్చు, ముందు ఆయన లెక్కలో పూట ఎంత పొడుగో అడగండి.