ఇంట్లోనే చేసుకున్న జ్ఞానోదయం

నవ్వకుండా వింటానంటే చెప్తాను. అదిగో, అప్పుడే మొదలెట్టారు!

మా వీధిలో నన్ను 'పానా గారు' అంటారు. చేతిలో పానా లేకుండా నేను కనిపించను మరి. ఇంట్లో ఏది చెడినా నేనే బాగుచేస్తాను. నా తర్వాత వచ్చే మెకానిక్కులంతా, "ఇది ఎవరు చేశారండీ?" అని ఆశ్చర్యపోతుంటారు. పూర్వం మా కుళాయి చుక్కచుక్కగా కారేది. నా చెయ్యి పడ్డాక ధారగా కారుతోంది.

మా ఆఫీసులో ఒక పెద్ద గుమాస్తా ఉన్నాడు. మేమంతా 'కుక్కర్' అంటాం. గంటకో విజిలు వేసేవాడు. అలాంటివాడు పది రోజులు ఏదో ధ్యాన శిబిరానికి వెళ్ళొచ్చాడు. ఆ మర్నాడే నేను ఆయన ఫైలు మీద టీ ఒలకబోస్తే, "ఫర్వాలేదు నాయనా, అంతా మాయ," అన్నాడు. జ్ఞానోదయం అయిందట.

నాకు రోషం పొడుచుకొచ్చింది. కుక్కర్‌కే అయినప్పుడు నాకెందుకు కాదు? దానికి శిబిరం దేనికి, గురువు దేనికి? రెండు చేతులూ ఉన్నాయి కదా!

ఇంటికి రాగానే మా ఆవిడతో, "నేను జ్ఞానోదయం ఇంట్లోనే చేసుకుంటున్నాను," అన్నాను.

మా ఆవిడ కుట్టుమిషను ఆపింది. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతుంది తను. మా భోజనాల బల్ల సగం కంచాలకి, సగం మిషనుకి. "గీజరు కూడా ఇంట్లోనే చేశారు. పైన ఆ నల్లమచ్చ ఇంకా పోలేదు."

"ఇది కరెంటు పని కాదే. రేపు శుక్రవారం ఆఫీసుకి సెలవు చెప్పేశాను. మూడు రోజులు మౌనం, అంతే. ఆదివారం సాయంత్రం ఆరింటిదాకా మాట లేదు, రాత లేదు, సైగ లేదు. తల ఊపడం కూడా లేదు."

"మీరా? మూడు నిమిషాలుంటే గొప్ప."

"పందెం! ఓడిపోతే జన్మలో పానా ముట్టుకోను."

అంతే, ఆ షరతులూ పందెమూ అన్నీ కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, ఫ్రిజ్‌కి అంటించింది. సొంత చేత్తో రాసిచ్చాను, మరి నా అలవాటే అది.

మా ఇంట్లో వెనక గది నాది. విప్పిన ఫ్యాన్లు మూడు, నడవని పంపు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు. అన్నీ ఎప్పటికైనా పనికొచ్చేవే. ఆ గది కుట్టుపనికి ఇమ్మని మా ఆవిడ పదేళ్ళుగా అడుగుతోంది. పదేళ్ళుగా నేను నోటి బలంతో నెట్టుకొస్తున్నాను. ఆ గదంటే నాకు ప్రాణం. సోఫా దిండొకటి పట్టుకెళ్ళి అక్కడే బాసింపట్టు వేశాను.

శుక్రవారం బాగానే గడిచింది. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అసలు ఉప్పే లేదు. మాటతో సహా మింగేశాను.

శనివారం పొద్దున మా అమ్మాయి వచ్చి, "నాన్నా, స్నేహితులతో సినిమాకి వెళ్ళిరానా?" అంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "అమ్మా, నాన్న ఏమీ అనట్లేదు!"

"మౌనం అర్ధాంగీకారం. వెళ్ళిరా," అంది వంటింట్లోంచి మా ఆవిడ.

అన్నాక అక్కడ గరిటె చప్పుడు టక్కున ఆగిపోయింది. నాకంటే ముందు తనకి జ్ఞానోదయం అయిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, ఈ గది నేను తీసుకోనా?"

నోరు తెరిస్తే పానా పోతుంది. మూస్తే గది పోతుంది. పోనీ తల అడ్డంగా ఊపుదామంటే, వద్దని రాసిన మహానుభావుణ్ణి నేనే.

"వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, చాలు," అంది ఎంతో మర్యాదగా.

ముక్కుతో బుసకొట్టాను. "ధ్యానం బాగా కుదిరినట్టుంది," అని వాళ్ళ తమ్ముడికి ఫోను చేసింది.

మా బావమరిది వడ్రంగి. ఆదివారం తెల్లారేసరికి వ్యాను వేసుకుని దిగాడు.

"బావా, ఈ ఫ్యాన్లు పారేయనా?"

నేను మౌనం.

"అర్ధాంగీకారం!" అంది మా ఆవిడ వసారాలోంచి.

"ఈ పంపు?"

"అర్ధాంగీకారం!"

వేలంపాటలో కూడా అంత చురుగ్గా సామాను కదలదు. నేను మాత్రం ఒక్క ధైర్యంతో కూర్చున్నాను. అర్ధాంగీకారమే కదా, పూర్తిది కాదు కదా! మిగతా సగం నా దగ్గర భద్రంగా ఉంది. ఆరు కొట్టనీ, అప్పుడు చెప్తాను వీళ్ళ పని.

మధ్యాహ్నానికి గదిలో నేనూ, దిండూ మిగిలాం. బావమరిది తల గోక్కుని, "అక్కా, దీన్నేం చేయమంటావ్?" అన్నాడు. దిండునే అన్నాడని నా నమ్మకం. అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరోపక్కా పట్టుకుని, నన్ను దిండుతో సహా మోసుకెళ్ళి హాల్లో టీవీ పక్కన పెట్టారు.

సరిగ్గా ఆరింటికి లేచాను. మూడు రోజుల మాటలు గొంతుదాకా ఉన్నాయి. విసవిసా వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. ఆ గదికి కిటికీ ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. కిటికీ పక్కన మిషను, మిషను ముందు మా ఆవిడ, ఒళ్ళో ఎవరిదో నీలం గౌను. కూనిరాగం తీస్తోంది. పెళ్ళయిన కొత్తలో విన్నాను, మళ్ళీ ఇదే వినడం. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. సిగ్గూ వేసింది. అయినా మొగుణ్ణన్నాక కాస్త పరువుండాలి కదా!

"ఇదిగో, మౌనం అర్ధాంగీకారమే! సగమే! మిగతా సగం నేనివ్వలేదు," అన్నాను.

తను దారం కొరుకుతూ, "నేను మీకేమవుతాను?" అంది.

"అదేం ప్రశ్న? పెళ్ళానివి."

"అంటే అర్ధాంగిని. మీలో సగం. మీ సగం మీరు నోరు మూసుకుని ఇచ్చారు. నా సగం నేను నోరారా ఇచ్చాను. సగమూ సగమూ ఎంతండీ?"

నాకు లెక్కలు బాగానే వచ్చు. మాటే రాలేదు.

మా ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను కాసేపు చూసింది. "మళ్ళీ మౌనమా?" అంది, మొహమంతా వెలిగిపోతూ. "తమ్ముడూ, టేపు పట్రా! ఈ గోడకి నిలువుటద్దం కూడా పెట్టమంటున్నారు బావగారు!"