పన్నెండు గడ్డపారలు

ఉదయం ఆరింటికి మండలాధ్యక్షురాలు హైమావతి వేసుకున్న పథకం సులువైనది. పదకొండింటికి జిల్లా అధికారి వస్తాడు, రిబ్బను కత్తిరిస్తాడు, ఎప్పుడో కాలువ తవ్వుతూ కట్ట కూలి చనిపోయిన పన్నెండు మంది కూలీల స్మారక ప్రదర్శన మండల కార్యాలయంలోని ఖాళీ గదిలో మొదలవుతుంది. అందుకు తీర్మానం ఉంది. తీర్మానానికి ఉపాధ్యక్షుడు ఉపేంద్ర పెట్టిన సవరణ కూడా ఉంది. తొంభై రోజుల్లో తెరవకపోతే ఆ గది ఉపాధ్యక్షుడికి చెందుతుంది. ఇది తొంభయ్యో రోజు, గడువు మధ్యాహ్నం పన్నెండింటికి. ఉపేంద్ర కుర్చీ, బల్ల అప్పటికే ఆటోలో వచ్చి గేటు దగ్గర ఉన్నాయి.

పై ఊరి కుటుంబాలు చనిపోయినవారి గడ్డపారలు ఇచ్చాయి. యోహాను కూతురు సలోమికి అరవై ఎనిమిదేళ్లు. తండ్రి గడ్డపారను తానే భుజాన మోసుకొచ్చి, హైమావతిని ఒకటే అడిగింది. "మా నాయన పేరు ఏ సర్కారు కాయితంలోనూ లేదమ్మా. ఈ గోడ మీదన్నా రాయించు."

అటెండరు ఆరోగ్యస్వామి ఒక్కో గడ్డపారకు ఒక చీటీ కట్టాడు. చీటీ మీద పేరు, కింద 'కాలువ పని' అన్న మాట, పక్కన ఆఫీసు ముద్ర. 'కీర్తిశేషులు' అని కూడా రాయాల్సింది. చీటీ చిన్నదని వదిలేశాడు. తెల్లవారి గది కడగడానికి గడ్డపారలన్నీ వరండాలో పెట్టి, ఫినాయిలు కోసం బజారుకు వెళ్లాడు.

అదే సమయానికి కింది ఊరి ఉపాధి హామీ ముఠాతో మేటు చాంద్ బాషా అటుగా వచ్చాడు. పనిముట్లు ఇప్పించమని అతను నెల రోజులుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. వరండా చూసి ఆగిపోయాడు.

"ఇచ్చారే! మేడమ్ మాట నిలబెట్టుకుందిరా!"

ముఠాలోని అలివేలమ్మ చీటీలు చదివింది. "ఇయ్యేం పేర్లు అన్నా? యోహానంట, గురవయ్యంట. అట్టాంటోళ్లు మన ముఠాలో లేరుగా?"

"పుస్తకంలో ఉన్నోళ్లంతా పనిలో ఉంటారా ఏందే? పైనుంచి ముద్రేసి పంపారంటే ఎక్కించమని అర్థం. చానా ప్రశ్నలేయమాక, పట్టుకో."

ఇరవై మంది ఆ పన్నెండు గడ్డపారలతో కాలువకు వెళ్లారు. చాంద్ బాషా హాజరు పుస్తకంలో ముప్ఫై రెండు పేర్లు రాశాడు. అందులో తప్పు ఉందని అతనికి తోచలేదు. అంతకుముందు కూడా ముద్ర ఉన్న పేరు ఏది వచ్చినా ఎక్కించాడు. ఎవరూ అడగలేదు.

ఎనిమిదింటికి ఆరోగ్యస్వామి అరుపు గేటు దాకా వినిపించింది. హైమావతి పరుగెత్తుకొచ్చింది. ఉపేంద్ర నడిచే వచ్చాడు. తొందర పడాల్సిన అవసరం అతనికి లేదు.

"దొంగలు పడ్డారా అక్కా? అయ్యో పాపం. ఒరేయ్, ఆ బల్ల లోపలికి తేండిరా!"

"పన్నెండు దాకా టైముంది ఉపేంద్రా. బల్ల గడప దాటిందో, కాళ్లు విరగ్గొడతా."

"బల్లవా, నాయా?"

"ఏది ముందొస్తే దానివి."

సలోమి బంతిపూల దండ ఒళ్లో పెట్టుకొని వరండా మెట్టు మీద కూర్చుంది. హైమావతి ఆమె ముఖం చూడలేక రోడ్డు వైపు చూసింది.

పదకొండింటికి రావలసిన జిల్లా అధికారి తొమ్మిదింటికే కాలువ కట్ట మీద కారు ఆపాడు. చెప్పకుండా తనిఖీ చేయడం ఆయనకు సరదా. మనుషుల్ని లెక్కపెట్టి, పుస్తకం తెరిచాడు.

"ఇరవై మందే ఉన్నారు. మిగతా పన్నెండు మంది ఏరి?"

"మంచినీళ్లకు పోయారు సార్," అన్నాడు చాంద్ బాషా.

"పన్నెండు మందీ ఒకేసారా?"

"ఎండ సార్."

"గడ్డపారలకు పేర్లు కట్టి మరీ దొంగ హాజరా! ఎక్కించండి కారులో!"

గడ్డపారలు, పుస్తకం, చాంద్ బాషా ఒకే కారులో మండల కార్యాలయం చేరుకున్నారు. దించుతున్న వంకర మొన గడ్డపారను సలోమి చూసింది. "అదిగో, మా నాయనది!" అంటూ లేచింది.

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. దొంగ హాజరని అధికారి అనగానే అడ్డుపడింది. "సార్, చీటీల మీద ఉన్నవాళ్లు ఇప్పటి కూలీలు కాదు. చనిపోయినవాళ్లు!"

"చనిపోయినవాళ్లకు హాజరు వేశారా? ఇది ఇంకా పెద్ద నేరం."

"నేరం కాదు సార్, స్మారకం. తీర్మానం చేశాం. రిబ్బను మీరే కత్తిరించాలి."

"కత్తిరించానా?"

"ఇంకా లేదు సార్."

"అయితే నాకు కనిపిస్తున్నది హాజరు పుస్తకం ఒక్కటే. ఇవన్నీ సాక్ష్యాలు. ఖాళీ గది ఏది?"

ఉపేంద్ర ముందుకొచ్చాడు. "సార్, పన్నెండు దాటితే అది నాకు రావాల్సిన గది."

"సాక్ష్యం పెట్టిన గది ఎవరిదీ కాదు. పక్కకు తప్పుకోండి."

పన్నెండు గడ్డపారలను చీటీలతో సహా అద్దాల తలుపు వెనక గోడకు వరుసగా ఆనించారు. తాళం వేసి, లక్క ముద్ర వేశారు. తలుపు మీద నోటీసు అంటించారు. అందులో పన్నెండు పేర్లు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. వారంతా విచారణకు స్వయంగా హాజరు కావాలని కింద రాసి ఉంది.

సలోమి నోటీసు దగ్గరికి వెళ్లి, మొదటి పేరు మీద వేలు పెట్టింది.

"ఇది మా నాయనేనా అమ్మా?"

"ఆయనే పెద్దమ్మా," అంది హైమావతి.

"ఈ సంతకం?"

"జిల్లా అధికారిది."

"సర్కారు ముద్రేనా?"

"రెండు చోట్ల ఏశారు."

సలోమి బంతిపూల దండను తాళానికి వేసింది. సాక్ష్యాన్ని తాకకూడదని చెప్పబోయిన అధికారి, ఆమె ముఖం చూసి, కారెక్కాడు. ఉపేంద్ర కుర్చీ, బల్ల అదే ఆటోలో వెనక్కి వెళ్లాయి. చాంద్ బాషా పని పోలేదు. ఎవరి మీద చర్య తీసుకోవాలన్నా ముందు విచారణ ముగియాలి.

నోటీసులోని పన్నెండు మందిలో ఇంతవరకు ఒక్కరూ హాజరు కాలేదు, వారు వచ్చేదాకా గది తెరవకూడదన్నది నిబంధన.