బడి వెనక ఇల్లు: నాలుగున్నర కిలోమీటర్లు

ఇల్లు చూపించే విద్యలో మొదటి పాఠం దారి చూపించకపోవడం. ఈ సంగతి పెద్ద పెద్ద చదువుల్లో చెప్పరు గానీ, మెదక్ పట్టణంలో ఇళ్ళ బ్రోకర్ జనార్దన్‌కు ముప్పై ఏళ్ళుగా తెలుసు. కిరాయి ఇంటికోసం వచ్చిన మనిషిని తిన్నగా తీసుకుపోయి ఇంటి ముందు నిలబెడితే ఏమవుతుంది? సాయంత్రం ఆ మనిషి తానే మళ్ళీ వచ్చి ఇంటావిడతో నేరుగా మాట్లాడుకుంటాడు. మధ్యలో జనార్దన్ అనేవాడొకడు ఉన్నాడని ఇద్దరికీ గుర్తుండదు. అందుకని అతను ఏ ఇంటికైనా మూడు చౌరస్తాలు, నాలుగు సందులు తిప్పి గానీ తీసుకుపోయేవాడు కాదు.

తిప్పడమంటే ఊరికే తిప్పడం కాదు. బండి వెనక కూర్చున్నవాళ్ళు మలుపులు గుర్తుపెట్టుకోకుండా నోరు ఆడుతూనే ఉండాలి. రాందాస్ చౌరస్తా దగ్గర ఎవరి పెళ్ళిలో పెరుగు అయిపోయి పెళ్ళికొడుకు మేనమామ అలిగాడో చెప్పేవాడు. బస్టాండు ముందుకొచ్చేసరికి ఏ కండక్టర్ మేకకు టికెట్ కొట్టాడో చెప్పేవాడు. ఖిల్లా కింద పెద్ద వానకు కూలిన గోడ, ఆ గోడ కింద మూడు రోజులు బతికిన కోడి. కోడి బయటికి వచ్చేసరికి ఇల్లు వచ్చేది. (కోడి సంగతి మాత్రం అబద్ధం కాదు. దాని సంతానం ఇప్పటికీ అక్కడే గెలుకుతూ ఉంటుంది.) దిగినవాళ్ళకు తూర్పేదో పడమరేదో తెలిసేది కాదు. బండి దిగామన్న సంతోషంలో ఇల్లు కూడా నచ్చేసేది.

ఇంతలో ఇంటర్నెట్ వచ్చింది. దాని వెనకే ‘తలుపుతట్టు’ అనే యాప్ వచ్చింది. జనం మంచం మీద పడుకొనే పడకగదులు చూడటం నేర్చుకున్నారు. బ్రోకర్ అనే మాట మోటుగా ఉందని యాప్‌వాళ్ళు తీసేసి, జనార్దన్‌కు ‘గృహ ప్రయాణ సహచరుడు’ అని పేరు పెట్టారు. సహచరుడు ఏం చేయాలో ఇరవై రెండు నియమాలు రాశారు. ఇంటి గురించి మాట్లాడకూడదు, ఫోటోలు మాట్లాడతాయి. కిరాయి గురించి మాట్లాడకూడదు, యాప్ మాట్లాడుతుంది. సహచరుడు నవ్వాలి. జేబులో ఫోన్ ఎప్పుడూ తెరిచే ఉంచాలి, ఎందుకంటే అతను ఎటు పోతే అటు అది కూడా వస్తూ దారి నేర్చుకుంటుంది. ఈ నియమం పదకొండోది. జనార్దన్ అన్నిటికీ కలిపి ఒకేసారి వేలు నొక్కాడు. చదివి నొక్కినవాడు జిల్లాలో ఇంకా పుట్టలేదు.

మూడేళ్ళు నవ్వాడు. నవ్వినా జనం వేసే మార్కులు ఐదుకు రెండు పాయింటు తొమ్మిది దాటలేదు. అప్పుడు ప్రాంతీయ నమ్మకాల అధికారి హర్షిత్ నుంచి కబురొచ్చింది. శనివారం సాయంత్రం ఐదు గంటల్లోపు ఒక్క ఇల్లన్నా కుదర్చకపోతే సహచరుల జాబితాలోంచి జనార్దన్ పేరు తీసేస్తారట.

పేరు పోతే మనిషి పోయినట్టే. ఇప్పుడు చాయ్ హోటల్లో కూడా "యాప్ల ఉన్నవా అన్నా?" అని అడిగాకే ఇల్లు ఉందా అని అడుగుతున్నారు. భార్య భూలక్ష్మికి చెప్తే ఆమె బియ్యం చెరగడం ఆపకుండానే, ముప్పై ఏండ్లు ఊరంతా తిప్పినవ్, ఇప్పుడు నిన్ను తిప్పుతున్నరు, జర ఓపిక పట్టు అంది.

గురువారం ఒక ఫోన్ వచ్చింది. శంకరంపేట నుంచి మెదక్‌కు బదిలీ అయిన టీచరమ్మ ఎలిశిబా. భర్త యోసేపుకు మోకాలికి ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి ఉరికి, ఆయనకు అన్నం పెట్టి మళ్ళీ బడికి రావాలి. అందుకని ఇల్లు బడికి దగ్గరుండాలి, అంతే. జనార్దన్ కడుపులో పాలు పోసినట్టయింది. బడి వెనక గోడకు ఆనుకొనే మార్తమ్మ ఇల్లు ఖాళీగా ఉంది. (మార్తమ్మ ఇల్లు తరచుగా ఖాళీ అవుతుంది. కిందటివాళ్ళను బెండకాయలు జిగురుగా వండుతున్నారని పంపేసింది.) బడి పక్క సందులో ఎనభై అడుగులు వేస్తే గుమ్మం. వెంటనే యాప్‌లో పంపించాడు.

పావుగంటలో తిరిగి ఫోన్ వచ్చింది. "అన్నా, గిది నాలుగున్నర కిలోమీటర్లున్నది గదా. దగ్గరిది చెప్పుండ్రి" అంది ఎలిశిబా.

జనార్దన్ యాప్ తెరిచి చూశాడు. బడి నుంచి నీలం గీత బయల్దేరి రాందాస్ చౌరస్తాకు పోయింది. అక్కడ రెండు చుట్లు తిరిగి బస్టాండుకు, అక్కడి నుంచి ఖిల్లా కిందికి పోయి, కూలిన గోడ ముందు కాసేపు ఆగినట్టు ముద్దగా చుట్టుకొని (కోడి చోటు అదే), మళ్ళీ వెనక్కొచ్చి మార్తమ్మ గుమ్మంలో ఆగింది. ఆ గీతను అతను ఎక్కడో చూసినట్టే ఉంది.

హర్షిత్‌కు ఫోన్ చేస్తే ఆయన ఎంతో సంతోషించాడు. "సర్, పట్టణంలో అందరికన్నా అనుభవం మీదే. బడి గేటు నుంచి ఆ ఇంటికి మీరు నలభై ఒక్కసార్లు వెళ్ళారు, నలభై ఒక్కసార్లూ ఇదే దారి. అందుకే మా మ్యాప్ మీ దారినే అధికారిక దారిగా తీసుకుంది. అభినందనలు సర్."

అప్పుడు జనార్దన్‌కు చాలా సంగతులు తెలిశాయి. మార్తమ్మ గ్యాస్ సిలిండర్ ఖిల్లా చూసి వస్తున్నదట. పాలు పోసే బాబు ఆమె ఎదురింట్లోనే ఉంటాడు, అయినా ఆర్డర్ యాప్‌లో వస్తుంది గనుక చెంబు పట్టుకొని బస్టాండు మీదుగా వస్తున్నాడట. పాలు కదిలి కదిలి, మార్తమ్మకు గుమ్మంలోనే వెన్న కనబడుతున్నదట.

దారి తప్పుగా ఉందని చెప్పడానికి ఒక ఫారం ఉంది. దాన్ని నింపితే, ఆ ప్రాంతంలో దారులు బాగా తెలిసిన నిపుణుడు ఒకరు పరిశీలించి ఒప్పుకోవాలి. మెదక్‌కు ఆ నిపుణుడు జనార్దన్. అతను ఫారం నింపాడు. నిపుణుడి హోదాలో తన ఫోన్‌కే ఓటీపీ వచ్చింది. పరిశీలించాడు, ఒప్పుకున్నాడు. ఫిర్యాదు చేసినవారే దాన్ని ఒప్పుకోవడం నిబంధనలకు విరుద్ధమని శుక్రవారం పొద్దున ఫారం కొట్టేశారు.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. ముప్పై ఏళ్ళలో చేయని పని చేయడం.

శనివారం మూడున్నరకు ఎలిశిబాను, యోసేపును బతిమాలి బడి గేటు దగ్గరికి రప్పించాడు. యోసేపు చేతికర్ర ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఇల్లు బుక్ చేసేది ఆయన పేరు మీదే. జనార్దన్ వాళ్ళను సందులోకి తిప్పాడు. పెళ్ళిలో పెరుగు అయిపోయిందని మొదలుపెట్టాడో లేదో, ఇల్లు వచ్చేసింది. మేనమామ అలగనేలేదు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

తలుపు తీసిన మార్తమ్మ అతన్ని కిందినుంచి మీదికి చూసింది.

"ఏందిరా జనార్దన్, గిట్ల సక్కగ తోల్కొచ్చినవ్? పాణం బాగలేదా?"

ఎలిశిబా గదులు చూసింది, వంటింటి కిటికీలోంచి బడి గోడ చూసింది, మొహం విప్పారింది. యోసేపు మాత్రం గుమ్మం దాటలేదు. గమ్యం ఇంకా నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉందని ఫోన్ గట్టిగా చెప్తున్నది. ‘చేరుకున్నాము’ అనే మీట వెలగడం లేదు. అది వెలగనిదే ఇల్లు ఖాయం కాదు.

"గిది ఆ ఇల్లు కాదు" అన్నాడు యోసేపు.

ఫోటోలో ఉన్న కిటికీ ఇదే, నీలం తలుపు ఇదే, ఫోటోలో నిలబడ్డ ముసలమ్మ ఇదిగో ఎదురుగానే ఉందని ఎలిశిబా చూపించింది. యోసేపు ఒప్పుకోలేదు. ఈ రోజుల్లో దేనికైనా డూప్లికేట్ చేస్తున్నారన్నాడు. మనిషికి చేయరా అన్నాడు. మార్తమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. గడియారం నాలుగు పది చూపిస్తున్నది.

జనార్దన్ సందు చివరికి ఉరికాడు. ఆటోను పిలిచాడు. ముగ్గురూ ఎక్కారు. మార్తమ్మ గుమ్మం నుంచి మార్తమ్మ గుమ్మానికి బయల్దేరారు.

రాందాస్ చౌరస్తా వచ్చేసరికి జనార్దన్‌కు నోరు తిరిగొచ్చింది. మేనమామ అలిగాడు, కండక్టర్ మేకకు టికెట్ కొట్టాడు, గోడ కూలింది, కోడి బతికింది. యోసేపు నవ్వి నవ్వి మోకాలు మర్చిపోయాడు. ఎలిశిబా తల బయటికి పెట్టి ఊరు చూస్తూ, అన్నా మీ ఊరు మస్తు పెద్దగుందే అంది, మొహంలో నవ్వు దాచుకుంటూ.

నాలుగూ నలభై ఐదుకు ఆటో ఆగింది. ఫోన్ గంట మోగించింది, మీట వెలిగింది. యోసేపు తృప్తిగా దిగి ఇల్లంతా తిరిగి చూశాడు.

"గిది అసలైన ఇల్లు" అన్నాడు. తరువాత మార్తమ్మ వైపు తిరిగి గౌరవంగా అడిగాడు. "అమ్మా, గా సందుల మీ అక్క గిట్ల ఎవరన్న ఉంటరా? జర కోపిష్టిది."

మార్తమ్మ ఏదో అనబోయేలోపు ఎలిశిబా ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. ఐదుకు రెండు నిమిషాలుండగా ఇల్లు ఖాయమైంది. భూలక్ష్మి ఆ సాయంత్రం సేమియా పాయసం చేసింది.

సోమవారం ఎలిశిబా ఎనభై అడుగులు నడిచి బడికి పోయింది. యోసేపు మంచం మీద కాలు చాపుకొని, ఏ పనీ లేక, తోటి ప్రజల మేలు కోరి తన అభిప్రాయం రాశాడు. ఇల్లు బాగుంది, ఐదుకు ఐదు. ఇంటావిడ మంచిది, ఐదుకు ఐదు. సహచరుడు మొదట మమ్మల్ని దగ్గరి దారిలో తీసుకుపోయి మోసం చేయబోయాడు, ఐదుకు ఒకటి.

మధ్యాహ్నం హర్షిత్ ఫోన్ చేశాడు. గొంతులో బాధ నిజంగానే ఉంది. అధికారిక దారి వదిలి పొట్టి దారిలో కస్టమర్‌ను తీసుకుపోవడం పదకొండో నియమం కింద తీవ్రమైన నేరమన్నాడు.

"సార్, గా పెద్ద దారి గూడ నాదే గద" అన్నాడు జనార్దన్.

"ఆ సంగతి మా రికార్డుల్లో ఉంది సర్. మీ సేవలకు ధన్యవాదాలు."

సాయంత్రం ఐదింటికి జాబితాలోంచి అతని పేరు తీసేశారు. దారిని మాత్రం ఉంచుకున్నారు.