బిజిలి బొమ్మకు దండ

సుల్తానాబాదులో ఫోన్ సిగ్నల్‌ది కొత్తల్లుడి తీరు. బతిమాలినా లోపలికి రాదు, తనకు నచ్చిన చోటే నిలబడుతుంది. పరశురాములు సారు ఇంట్లో దానికి నచ్చింది ముందర గదిలో, గోడకు ఆనుకుని ఉన్న మూరెడు జాగా. దుబాయిలో ఉన్న కొడుకు సంపత్‌ను వీడియోలో చూడాలంటే ఇంటిల్లిపాదీ ఆ గోడ ముందే ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడాలి.

సారు రిటైరైన డ్రాయింగు టీచరు. పెళ్లయినప్పటి నుంచీ ఆయనకు ఒకటే కోరిక, భార్య కిష్టవ్వ బొమ్మ పెద్దగా గీయాలని. ఆమె ఏనాడూ కూర్చోలేదు.

"పెద్ద బొమ్మ గోడకెక్కినోళ్లంత సచ్చినోళ్లే. నేనింక బతికే ఉన్న. గీసుడే కావాల్నంటే గా పిల్లిని గీసుకో" అంది.

భార్య మాట జవదాటని మొగుడు కాబట్టి సారు పిల్లినే గీశాడు.

పిల్లి పేరు బిజిలి. మెరుపనే ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. తోక గీస్తుంటే కుంచె లాగేది, కుంచె దాచేస్తే రంగు మూతలు దొర్లించుకుపోయేది. అందుకని సారు మూతిని పాలగిన్నె దగ్గర, చెవులను బల్లి కనపడ్డప్పుడు, తోకను దానికి కోపమొచ్చినప్పుడు, దొరికిన చోట దొరికినంత గీసుకున్నాడు.

చివరికి బొమ్మ పూర్తయింది. నాలుగు కాళ్లూ గాల్లో ఉంచి, పంజాలు పైకి చాచి, దేనికోసమో ఎగిరిన బిజిలి. అదెక్కడ మీద పడుతుందోనని చూసినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పాలు పోసే కోమల గడప దగ్గరే చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించింది.

కరీంనగర్‌లో ఫ్రేములు కట్టే మల్లన్న కూడా ఆ బొమ్మ ముందు చాలాసేపు నోరు తెరిచి నిలబడ్డాడు. తర్వాత అలవాటైన చేతులు వాటి పని అవి చేసేశాయి. ఫ్రేముకు గంధపు చెక్కల దండ, పైన ఎర్రబల్బు, అద్దం మీద ఇంత బొట్టు.

"మల్లన్నా, పిల్లి బతికే ఉన్నదే!" అన్నాడు సారు.

"పెద్ద సైజు ఫ్రేముకు దండ, లైటు ఫ్రీ సారూ. వద్దన్నా పైసలు తగ్గయి."

ఫ్రీగా వచ్చినదాన్ని వదిలేసి వచ్చే మొగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. దండతోనే బొమ్మ ఆ సిగ్నల్ గోడకెక్కింది. పైగా ఆ దండ కోసమే బిజిలి ఎగిరినట్టు బాగా కుదిరింది కూడా.

ఆదివారం పొద్దున సంపత్ ఫోన్ చేశాడు. నెలలు నిండుతున్న అతని భార్య జమున గోడ ముందు నిలబడింది. అవతల సంపత్‌కు ఆమె భుజం వెనక మసక మసకగా దండ, ఎర్రబల్బు కనపడ్డాయి.

"గా దండేసిన ఫోటో ఎవ్వలిది?"

"మన బిజిలిదే."

"పిల్లికి దండేస్తరా? అవ్వేది?" తల్లి కనపడక అడిగాడు సంపత్.

"హుస్నాబాద్ల మీ మామోళ్లు పోచమ్మకు చేస్తుండ్రని పోయింది. ఫోను ఇంట్లనే మర్శిపోయింది."

సిగ్నల్ పోయింది.

దుబాయి గదిలో పక్క మంచం మీద మందమర్రి రాజం ఉంటాడు. అతను సంపత్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా బాపు పోయినప్పుడు నాకూ ఏం గాలే అనే చెప్పిండ్రు. దూరమున్నోనికి ఫోన్ల ఎవ్వలూ చెప్పరు తమ్మీ."

సంపత్ హుస్నాబాదు మేనమామకు చేశాడు. వెనక డప్పులు మోగుతున్నాయి. "కొడుకా, ఇప్పుడు మాట్లాడరాదు, మస్తు మంది ఉన్నరు" అని మామ పెట్టేశాడు. పండుగకూ చావుకూ డప్పులు అవే. ఇంతలో సారే ఫోన్ చేశాడు.

"ఒట్టు బిడ్డా, గది పిల్లే! ఫికర్ జెయ్యకు!"

"ముసలాయన ఎంత గట్టిగ ఒట్టేస్తుండో సూడు. పాపం" అన్నాడు రాజం కళ్లు తుడుచుకుంటూ.

సంపత్‌కు ఏడాదికి దొరికే సెలవు కొంచెమే. దాన్ని వచ్చే నెల జమున కాన్పు కోసం దాచుకున్నాడు. తల్లి పోయిందంటే కంపెనీవాళ్లు వేరే సెలవిస్తారు, రుజువు తర్వాత పంపితే చాలు. సంపత్ గుండు చేయించుకుని విమానమెక్కాడు.

మరునాడు అతను గడప మీద పడి ఏడుస్తున్న సమయానికే కిష్టవ్వ ఆటో దిగింది. గుండుతో కొడుకు కనపడేసరికి సంచి కింద పడేసి శోకం ఎత్తుకుంది.

"ఓ నా సారో! నన్ను ఆగం జేసి పోతివా!"

"నేనీన్నే ఉన్ననే" అన్నాడు సారు ఆమె వెనక నుంచి.

"నువ్వు జర ఊకో, నన్ను ఏడ్వనియ్యి!"

ఆమె వెనక్కి తిరిగి చూడటానికి కొంత, కొడుకు ఆమె మొహం తడిమి తడిమి నమ్మడానికి కొంత టైము పట్టింది. అప్పుడు సంపత్ తలెత్తి గోడ వైపు చూశాడు. తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "బాపూ... గిది నువ్వే గీసినవా?" అన్నాడు మెల్లగా. అసలు బిజిలి మాత్రం ఎగిరి దండ పట్టుకుని ఊగుతోంది.

సాయంత్రం కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మీ దుఃఖంలో మేమూ ఉన్నాం, దండ వేసిన తల్లి ఫోటో పంపండి, లేకుంటే మీ సొంత సెలవులోంచి కోస్తాం. జమున పొట్ట మీద చెయ్యి వేసుకుని కిందికి చూసింది.

కిష్టవ్వ కోడలి వైపు చూసింది. లేచి బిజిలి నోట్లోంచి దండ ఊడదీసి, తన మెడలో వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"గియ్యి. గా బొమ్మనే ఫోటో తీసి కంపెనీకి పంపుదం. ఇన్నేండ్లు గీస్త గీస్త అంటివి గద."

సారు కుంచె అందుకున్నాడు. ఆమె రెప్ప కదపలేదు. పిల్లి వచ్చి ఒళ్లో చేరి దండ కొరుకుతున్నా కదలలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. కోమల మళ్లీ చెప్పులు విడిచింది. కిష్టవ్వ కూడా చూసుకుని, "గింత మంచిగుంటనా నేను?" అని బొమ్మకు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. బొమ్మలో కిష్టవ్వ ఇప్పుడే లేచి "అన్నం తిన్నవా?" అని అడిగేటట్టుంది. దండ వేసినా ఈమె పోయిందంటే ఏ కంపెనీ నమ్మదు. నిజం చెబితే కాన్పు నాటికి సంపత్‌కు సెలవుండదు. అబద్ధం చెబుదామంటే బొమ్మ ఒప్పుకోవడం లేదు. చదివినవాళ్లు మీకు దండం పెడతాను, ఏం చేయాలో ఎవరైనా కాస్త చెప్పండి.

ఫోన్ చేస్తే మాత్రం తగలదు, సిగ్నల్ వచ్చే జాగాలో బిజిలి పడుకుంది.