మసాఫీ దారిలో స్కాట్లాండ్

ఆదివారం పొద్దున్నే వాన మొదలయ్యేసరికి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంపు మొత్తం ముసుగుతన్ని పడుకుంది. రాకేశ్ ఒక్కడే లేచి సైకిలు తుడిచాడు. అది అతను పనిచేసే గ్యారేజీ ముదీర్, అంటే మేనేజరు, ఇచ్చిన పాత సైకిలు. ఆ పెద్దమనిషిది స్కాట్లాండ్. టీ తాగినప్పుడల్లా ఆయనది ఒకటే పాట: వానలో సైకిలెక్కి చిన్న చిన్న ఊళ్ళు తిరగాలి, ఒక ఊళ్ళో టీ తాగి ఇంకో ఊళ్ళో బిస్కట్ తినాలి, అదీ బతుకంటే! రెండు వారాలుగా రాకేశ్ ఆ ఊళ్ళ సంగతులే అడిగి ఆయన ప్రాణం తీస్తున్నాడు. స్కాట్లాండ్ ఎలాగూ పోలేడు. కనీసం వాన పడింది కదా!

క్యాంపులోని పఠాన్ అమీర్ జాన్ పికప్ ధైద్ వైపు వెళ్తుంటే, సైకిలూ పొడిబట్టల బ్యాగూ అందులో వేసుకుని బయల్దేరాడు. ధైద్‌లో దిగి తొక్కడం మొదలుపెట్టాడు. ఖర్జూరం తోటలు, చిన్న మసీదులు, సగం మూసిన దుకాణాలు. మనామా అనే చిన్న ఊరు దాటాక మబ్బులు కప్పుకున్న కొండలు, వాటి మీంచి జారే నీళ్ళు. ఆరేళ్ళుగా బండ్ల కింద పడుకుని నూనె మరకలు తప్ప మరేమీ చూడనివాడికి కడుపు నిండిపోయింది. ఫొటో తీసుకుని "స్కాట్లాండ్‌లో నా ఆదివారం" అని స్టేటస్ పెట్టాడు. పెట్టిన చేత్తోనే ఫోను నీళ్ళగుంటలో పడేశాడు. దులిపాడు, ఊదాడు, బతిమాలాడు. అది ఉలకలేదు, పలకలేదు.

మూడున్నరకు కొండల మధ్య ఉన్న మసాఫీలో అఖీల్ అనే అతని టీ కొట్టు చేరి, అఖీల్ ఫోను అడిగి హన్మాండ్లుకు కలిపాడు. గదిలో పక్క మంచం ఆయనది. ఆయనకు బాలెన్స్ ఎక్కించేది తనే కాబట్టి ఆ నంబరు ఒక్కటే నోటికి వచ్చు.

"కాకా, నేను రాకేశ్‌ను."

"ఓరి నీ పాడుగాను! విమానం దిగినవా?"

"ఏ విమానం?"

"స్కాట్లాండ్ విమానమే! నీ ఫొటో సూసి కరుణ నీకు ఫోన్ జేస్తే బందున్నదట. నాకు జేసింది. పిల్ల బుగులు వడొద్దని డ్యూటీకి వోయిండని చెప్పిన."

"ఆదివారం డ్యూటీ ఏంది కాకా?"

"నీ పెండ్లాం గూడ గదే అన్నది! ఇగ స్కాట్లాండ్ నిజమేనని మీ అవ్వ శోకం వెట్టింది. కరుణ మన క్యాంపు బాస్ ఫరాజ్‌కు ఫోన్ గొట్టింది. ఆయనొచ్చి అడిగితె నాకేం దోయక, దవాఖానకు వోయిండన్న."

"నువ్వు ఊకుంటే అయిపోయేటిది గదనే!"

"ఏమో, నోట్లకెల్లి అచ్చింది. ఆయన సూస్తే నీ బ్యాగు లేదు, సైకిల్ లేదు. రెండు వారాలసంది నువ్వు స్కాట్లాండ్ దారులే అడుగుతున్నవని అందరు సాక్ష్యం జెప్పిండ్రు. ముదీర్ ఊ అంటె నాలుగింటికి నువ్వు ఉరికిపోయినవని పరారీ కాయితం వెడ్తడట!"

రాకేశ్ గోడ గడియారం వైపు చూశాడు. వచ్చే వారమే వీసా రెన్యువల్. పరారీ అని ఒక్కసారి ఎక్కిందంటే ఉద్యోగం ఖలాస్, మళ్ళీ ఈ దేశంలో కాలు పెట్టలేడు.

"నేను మసాఫీల ఉన్న కాకా! జల్ది పోయి ఫరాజ్‌కు జెప్పు."

"ఇప్పటికే రెండు అబద్ధాలు జెప్పిన్రా. ఇప్పుడు నిజం జెప్తే నమ్ముతడా?"

ఆ మాట పూర్తికాకముందే కొట్టు ముందు ఇంకో సైకిలు ఆగింది. మెడదాకా బురదతో లోపలికి వచ్చింది సాక్షాత్తూ ముదీర్! తనను పట్టుకోవడానికే వచ్చాడనుకుని రాకేశ్ నీళ్ళ సీసాల పెట్టెల వెనక నక్కాడు.

ముదీర్ ప్లాస్టిక్ కవర్లోంచి ఫోను తీశాడు. ఫరాజ్ పదకొండుసార్లు చేసి ఉన్నాడు. అంతలో మళ్ళీ మోగింది. తడిచేతుల్లో జారుతోందని ఆయన దాన్ని బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"సార్, రాకేశ్ భాగ్ గయా! స్కాట్లాండ్ చలా గయా!"

"స్కాట్లాండ్? సైకిల్ పే?"

"జీ సార్! సైకిల్ భీ నహీ హై! కాగజ్ భేజ్ దూఁ?" పరారీ కాగితం పంపెయ్యనా అని అడుగుతున్నాడు.

ఇక ఆగలేక రాకేశ్ లేచాడు. పెట్టెలు దబదబా పడ్డాయి. "సార్, మై ఇధర్ హూఁ!"

ముదీర్ అతని బురద కాళ్ళను చూశాడు. బయట తను ఇచ్చిన పాత సైకిలును చూశాడు. తర్వాత వచ్చీరాని హిందీలో ఫరాజ్‌కు నిదానంగా చెప్పాడు. రాకేశ్ స్కాట్లాండ్‌లో ఉన్న మాట నిజమేనట, తానూ అక్కడే అతని ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడట, కాగితం చించెయ్యమన్నాడు. ఫోను పెట్టేసి గొంతు తగ్గించి, తను గ్యారేజీలో ఉన్నట్టు ఇంట్లో చెప్పి వచ్చానని, ఎవరికీ చెప్పొద్దని రాకేశ్‌ను బతిమాలాడు.

రాకేశ్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ముదీర్ ఫోను అడిగి, హన్మాండ్లు దగ్గర నంబరు తీసుకుని కరుణకు చేశాడు. ఆమె కాసేపు ఏడ్చింది, ఇంకాసేపు తిట్టింది, చివరికి ముక్కు చీదుకుంది.

"ఫొటోల నీ ఎనుక ఒంటె నిలవడ్డది. ఇప్పుడే సూసిన. ముందుగాల సూస్తే ఇంత లొల్లి అయ్యేది గాదు."

రాకేశ్, ముదీర్ ఇద్దరూ ఇంకో టీ తాగి, బిస్కట్లు తిని, ఊరి చివర ఆపి ఉంచిన ముదీర్ బండిలో సైకిళ్ళు వేసుకుని హాయిగా ఎవరి చోటుకు వాళ్ళు చేరారు.

మర్నాడు పొద్దున క్యాంపు గేటు మీద ఫరాజ్ కొత్త నోటీసు అంటించాడు: స్కాట్లాండ్ వెళ్ళేవారు ముందుగా రిజిస్టర్‌లో సంతకం చేయవలెను.