ఆటలపై తీర్పు వాయిదా

కాబట్టి ఆట ఆడినవాడు చెడిపోతాడా, చెడిపోదలచుకున్నవాడే ఆటను వెతుక్కుంటాడా అన్నది తేలనంతవరకు తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు, అనుకున్నాడు రవీందర్. ఇలా అనుకోవడం అతను ఎండాకాలంలో మొదలుపెట్టాడు. ఇప్పుడు వానలు పడుతున్నాయి. మధ్యలో మామిడిపండ్లు వచ్చి పోయాయి, ఎంసెట్ ర్యాంకులు వచ్చి పోయాయి, కరెంటయితే లెక్కలేనన్నిసార్లు వచ్చి పోయింది. తీర్పు మాత్రం రాలేదు. శాస్త్రం తొందరపడదు.

రవీందర్ మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. శంషాబాద్‌లో అతను పనిచేసే ప్రైవేటు కాలేజీలో ఆ శాస్త్రం లేదు కనుక అక్కడ ఇంగ్లీషు చెబుతాడు. ఊళ్ళో మనసు గురించి చదివినవాడు అతనొక్కడే కావడంతో, పెద్దలు అతన్ని వీడియో ఆటల గుణదోష విచారణ సంఘానికి నిపుణుడిగా నియమించారు. ఊరంతా హర్షించింది. నిపుణుడు మనవాడే అయితే జీతం అడగడు.

సంఘం ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఊరి భూములు కొన్ని విమానాశ్రయం కిందికి, కొన్ని ఔటర్ రింగు రోడ్డు కిందికి, మిగిలినవి ‘విమానాశ్రయానికి పది నిమిషాలు’ అని బోర్డులు పెట్టుకున్న వెంచర్ల కిందికి పోయాయి. పొలాలతోపాటు గట్లు పోయాయి. గట్లతోపాటు గట్టు తగాదాలు పోయాయి. తాతల కాలం నుంచి ఆ తగాదాలు తీరుస్తూ వచ్చిన పెద్దమనుషులు ఒక్కసారిగా ఖాళీ అయిపోయారు. పొలం పోయినవాడికి పరిహారం ఇచ్చారు గానీ, తగాదా పోయినవాడికి ఏమివ్వాలో ఏ చట్టంలోనూ రాసిలేదు.

సరిగ్గా ఆ సమయంలో వాళ్ళలో ఒకడైన పెంటయ్య కొడుకు ఇంటర్ తప్పి ఊరిని ఆదుకున్నాడు. అతను ఎందుకు తప్పాడన్నది పెద్ద ప్రశ్న అయింది. పరిహారం డబ్బుతో కొన్న కారు అతని దగ్గరే ఉంది, కానీ కారు ఇంటి పరువు, దాన్ని అనలేరు. అతను సాయంత్రాలు గడిపే రోడ్డులో రెండు మందు దుకాణాలున్నాయి. వాటికి లైసెన్సు ఉంది, వాటినీ అనలేరు. ఆ రెండింటి నడుమ మిగిలింది కళ్యాణి నడిపే గేమ్ సెంటరు. కళ్యాణి ఊరి ఆడపడుచు. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, చిన్న గది కిరాయికి తీసుకుని, ఐదు కంప్యూటర్లు పెట్టింది. మగదిక్కు లేని మనిషి కాబట్టి విచారణకు అన్నివిధాలా తగినది.

మొదటి రోజు సంఘం అధ్యక్షుడు అనంతయ్య చేసిన ప్రసంగం ఊరి చరిత్రలో నిలిచిపోతుంది.

“ఇనుండ్రి. మాట ఇనకుండ శిక్షేసుడు మన ఊరి రివాజు కాదు. మేకల దొంగను గూడ నిలవెట్టి, వాని మాట వాన్ని చెప్పుకోనిచ్చినం. గీ ఆటలను గూడ ఒక్కొక్కదాన్నే పిలిచి ఇందాం. ఆట మాట్లాడాలె అంటె మనం ఆడాలె. షోకుకు కాదు, ధర్మం కోసం.”

ఐదు కంప్యూటర్ల ముందు ఐదుగురు పెద్దలు ధర్మం కోసం కూర్చున్నారు.

తీర్పు చెప్పేవాడు కక్షిదారుతో ఇచ్చిపుచ్చుకోవడాలు పెట్టుకోకూడదన్నది ఊరి కట్టు. ఆటకు డబ్బులిస్తే ఇచ్చినట్టే అవుతుంది. కనుక పెద్దలు ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా నిజాయితీని నిలబెట్టుకున్నారు. పంచాయితీ కూర్చున్నప్పుడు పెద్దల చాయ్ ఖర్చు కక్షిదారుదేనన్నది ఇంకా పాత కట్టు. దాన్నీ నిలబెట్టుకున్నారు.

సంఘం వెలిబుచ్చిన అభిప్రాయాల్లో ముఖ్యమైనవి కొన్ని ఇక్కడ పేర్కొనడం ఉచితం.

కార్లు దొంగిలించే ఆటను సోమయ్య విచారించాడు. దొంగతనం మీద ఆయనకు అభ్యంతరం లేదు. “ఫోను గూడ చెయ్యకముందే పోలీసులు ఉరికొస్తున్నరు,” అన్నాడు ఆశ్చర్యంగా. “గిది చూసి పోరగాళ్ళు ఠాణా మీద ఆశ పెట్టుకుంటరు. రేపు ఆరాంఘర్ చౌరస్తా కాడ ఏమన్న అయితె, ఆశతోని నిలవడి చూస్తరు.” యువతలో లేనిపోని నమ్మకాలు పెంచుతున్నందుకు ఆ ఆటను తప్పుపట్టారు.

తుపాకుల ఆట పెంటయ్యకు వచ్చింది. “సచ్చినోడు మల్ల లేస్తుండు. గట్లయితె దినాలెవలు జెయ్యాలె? చుట్టాలకు ఏమని కబురు పెట్టాలె?” అని అడిగాడు. చచ్చినవాడు ప్రతిసారీ లేస్తాడా, అప్పుడప్పుడేనా అన్నది తేల్చడానికి ఆయన ఆషాఢమంతా చస్తూనే ఉన్నాడు.

పైనుంచి ఇటుకలు పడుతుంటే పేర్చే ఆటను మాత్రం సంఘం మెచ్చుకుంది. వరుస నిండగానే మాయమైపోతుంది, కట్టినవాడికి గోడ మిగలదు. కాగితం మీద పూర్తయి నేల మీద కనిపించని ఇళ్ళను చూసినవాళ్ళు కాబట్టి పెద్దలు దీన్ని ఉన్నదున్నట్టు చూపిన ఆటగా గుర్తించారు. ఒంటిమీద సరిగా బట్టలేని ఆడమనిషి మగవాళ్ళను తన్నే ఆటను తీవ్రంగా ఖండించారు. ఖండన సమగ్రంగా ఉండాలని మళ్ళీ మళ్ళీ చూసి ఖండించారు.

సేద్యం ఆట దగ్గర చిక్కు వచ్చింది. అందులో విత్తనం వేస్తే మొలుస్తుంది. అడగ్గానే వాన పడుతుంది. పండిన పంటను అప్పటికప్పుడు, చెప్పిన ధరకు కొనుక్కుపోతారు. రైతు నవ్వుతూ చెయ్యి ఊపుతాడు. ఐదుగురు పెద్దలూ ఒకే తెర ముందు గుమిగూడి చాలాసేపు చూశారు.

“గిది మాత్రం పిల్లలకు చూపియ్యొద్దు,” అన్నాడు అనంతయ్య చివరికి. బూతు ఆటల జాబితాలో దాన్ని మొదట చేర్చారు.

విచారణ వల్ల ఊరికి మేలు జరగలేదనడానికి వీల్లేదు. కుర్చీలన్నీ పెద్దలకే సరిపోవడంతో కుర్రకారుకు సెంటరులో చోటు లేకుండా పోయింది. కొందరు మందు దుకాణాల వైపు జరిగారు, గత్యంతరం లేక ఇద్దరు చదువుకున్నారు. ఈ ఇద్దరినీ సంఘం తన విజయంగా ప్రకటించింది. బందు రోజుల్లో కూడా షట్టరు దించుకుని విచారణ సాగించారు. కీర్తి పొరుగూళ్ళకు పాకింది. తమ ఊళ్ళో గేమ్ సెంటరు లేకపోవడం వల్ల విచారణ మొదలుకాలేదని, ముందు ఒకటి తెరిపించే ప్రయత్నంలో ఉన్నామని బుద్వేల్ వైపు పెద్దలెవరో కబురు పంపారు.

ఇదంతా రవీందర్ గోడకు ఆనుకుని నిలబడి గమనించేవాడు. ఏ ఆటనూ అతను ముట్టుకోలేదు. ముట్టుకుంటే తటస్థత పోతుంది. తటస్థత అన్న మాట అతనికి చాలా ఇష్టం. ఇంట్లో తండ్రి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నప్పుడు కూడా అతను తటస్థంగానే ఉండేవాడు.

ఆ ఐదుగురిలో చెన్నయ్య రవీందర్ తండ్రి. భూమి పోయినప్పటి నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. పొద్దున్నే రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని విమానాల కేసి చూసేవాడు. చీకటి పడ్డాక లేచి వచ్చేవాడు. దీనికి శాస్త్రంలో ఒక పేరుంది. ఆ పేరు తెలిసింది కాబట్టి తన బాధ్యత తీరిందని రవీందర్ అనుకున్నాడు. తండ్రి పక్కన ఆ కల్వర్టు మీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

చెన్నయ్యకు విమానం ఆట ఇచ్చారు. మొదటి రోజు అందరూ నవ్వారు, ఎందుకంటే విమానం లేవలేదు. ఆయన దాన్ని రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకు నిమ్మళంగా నడిపాడు. కొసకు చేరాక జాగ్రత్తగా తిప్పాడు. వెళ్ళిన బాటను ఒరుసుకుంటూ వెనక్కి వచ్చాడు. మళ్ళీ తిప్పాడు. పైకి లేపమని కంప్యూటర్‌లోంచి ఎవరో ఇంగ్లీషులో మొత్తుకుంటూనే ఉన్నారు.

“ఏందే చెన్నయ్యా, లేపవా ఏంది?” అన్నాడు సోమయ్య.

“లేపి ఏం జేస్తం? మన పని కిందనే.”

“గది ఇమానమే, నాగలి కాదు!”

చెన్నయ్య నోట్లోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది, ఎద్దును అదిలించే చప్పుడు. అక్కడున్న నలుగురు పెద్దలకూ వెంటనే అర్థమై, నవ్వు ఆపి ఎవరి తెర వైపు వాళ్ళు తిరిగారు. రవీందర్‌కు ఎం.ఏ. ఉన్నందువల్ల కొంత ఆలస్యంగా అర్థమైంది. తండ్రి రన్‌వేను దున్నుతున్నాడు. సాలు పక్కన సాలు, ఎక్కడా వంకర లేకుండా.

ఆ తర్వాత చెన్నయ్య తెల్లారకముందే లేచి స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, సెంటరు తెరవక ముందే మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రాత్రి అన్నాల దగ్గర మాటలు వచ్చాయి. “ఎవల పొలమో గాని, మంచి భూమి. ఒక్క రాయి తగుల్తలేదు,” అనేవాడు.

అందుకే రవీందర్ తల్లి అమృతమ్మ కొడుకును పొయ్యి దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. “బువ్వ తిన్నవా అంటె తలకాయ గూడ ఊపనోడు, నిన్న పుంటికూర మంచిగైంది అన్నడు. నీ తీర్పు పాడుగాను, జెప్పకు బిడ్డా. అట్లనే సాగనియ్యి.”

సాగనిచ్చాడు. ప్రతి ఆదివారం సంఘం అభిప్రాయం అడిగినప్పుడు, మరికొంత పరిశీలన అవసరమని చెప్పేవాడు. సంఘం ఎంతో సంతోషంగా ఒప్పుకునేది. ఈ ఊళ్ళో ఒక నిపుణుడి మాటకు ఇంత గౌరవం దొరకడం అదే మొదలు.

కానీ నిన్న సాయంత్రం కళ్యాణి కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది. గొడుగు లేదు. కొంగు తల మీదికి లాక్కుంది.

“రవన్నా, ఒక్క మాట. మూసెయ్యి అంటె మూసేస్త. నడుపు అంటె నడుపుకుంట. గిట్ల నడిమిట్ల పెట్టి సంపుతున్నరు గదనే. కిరాయి కట్టక గది ఖాళీ చెయ్యమన్నరు. ఎల్లుండి కంప్యూటర్లు అమ్మేస్తున్న.”

“అమ్మేస్తే పెద్దలంతా...”

“పెద్దలా? నా కొట్టు దోచుకుంటున్న పోరగాళ్ళు గాళ్ళే. నెత్తికి తెలుపొచ్చింది, గంతే ఫరక్.” తర్వాత గొంతు తగ్గించింది. “మీ బాపును అంటలే అన్నా. ఆయన పోయేటప్పుడు కుర్చీ తుడిచిపోతడు.”

ఆ మాటతో రవీందర్‌కు రాత్రంతా నిద్ర లేదు. ఆట చెడ్డదని చెబితే సెంటరు మూతపడుతుంది, తండ్రి తిరిగి కల్వర్టు మీదికి పోతాడు. మంచిదని చెబితే విచారణ ముగుస్తుంది. విచారణ ముగిశాక ఒక పెద్దమనిషి పోరగాళ్ళ మధ్య కూర్చుని ఆడలేడు, సిగ్గు. ఏమీ చెప్పకపోతే ఎల్లుండికి కుర్చీ ఉండదు, కంప్యూటర్ ఉండదు, పొలం ఉండదు. తండ్రికి ఆడుకోవడానికి ఊరు ఇచ్చిన అనుమతి ఒక్కటే: ఆటను తప్పుపట్టడం. ఇందులో శాస్త్రీయమైన దారి కోసం రవీందర్ తెల్లవారేదాకా వెతికాడు. శాస్త్రం ఎప్పటిలాగే తటస్థంగా ఉండిపోయింది.

తెల్లవారితే ఆదివారం, సంఘం నిండుగా కొలువుదీరింది. అనంతయ్య గొంతు సవరించుకున్నాడు.

“మన నిపుణులు శానా లోతుల దిగి చూసిన్రు. ఇంక గూడ దిగాలె అంటె దిగనిద్దాం, మనకేం తొందర లేదు. చెప్పు బిడ్డా, టైము కావాల్నా?”

రవీందర్ గోడను వదిలి ముందుకు వచ్చాడు. “ఆటల ప్రభావాన్ని మూడు కోణాల నుంచి చూడాల్సి ఉంటుంది. వ్యక్తిగతంగా...” అని మొదలుపెట్టాడు. పెంటయ్య అప్పుడే చచ్చి, లేవడం కోసం ఎదురుచూస్తున్నాడు. కళ్యాణి చాయ్ గ్లాసులు కడుగుతోంది. చెన్నయ్య రన్‌వే కొసన విమానాన్ని తిప్పుతున్నాడు. మొహం తెరకు దగ్గరగా పెట్టి, పెదవులు బిగించి, ఎంతో జాగ్రత్తగా. ఆ మొహాన్ని రవీందర్ చిన్నప్పుడెప్పుడో మడిలో చూశాడు.

మూడు కోణాలూ అక్కడే ఆగిపోయాయి. అతను కౌంటరు దగ్గరికి నడిచి జేబులోంచి ఒక నోటు తీసి పెట్టాడు.

“ఒక గంట.”

“ఎవలికన్నా?” అంది కళ్యాణి, చేతులు తుడుచుకుంటూ.

“మా బాపుకు. ఆడుకుంటడు.”

ఆ గదిలో వేసవి నుంచీ ఎవరూ పలకని మాట అది. అనంతయ్య లేచి నిలబడ్డాడు.

“ఏం జేస్తున్నవ్ రా? పైసలిచ్చినోడు గిరాకీ అయితడు. గిరాకీ పంచాయితీల కూసోడు! చెన్నయ్య ఇయ్యాల్టి సంది పెద్దమనిషి కాదు, రాసుకోండ్రి. అరే చెన్నయ్యా, ఇంటున్నవా? నీ కొడుకు నీ ఇజ్జత్ తీసిండు!”

చెన్నయ్య తెర మీంచి చూపు తిప్పలేదు.

“గంటల ఈ మడి ఒడ్వదు బిడ్డా,” అన్నాడు. “రెండు గంటలకియ్యి.”

రవీందర్ మరో నోటు తీసి మొదటిదాని మీద పెట్టాడు. మిగిలిన నలుగురు పెద్దలు, అనంతయ్యతో సహా, వాన పడుతున్న తలుపు వైపు చూశారు, తమ కొడుకులెవరైనా నోటు పట్టుకుని వస్తున్నారేమోనని.